సారీకి కుదిరే ప్రాస

మా ఆఫీసులో ఇంగ్లీషు ప్రాస తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇది నా గొప్ప కోసం చెప్పడం లేదు, మిగిలినవాళ్ళ గతి ఏమిటో తెలియాలని చెబుతున్నాను. మేం గ్రీటింగ్ కార్డులు తయారుచేస్తాం. పుట్టినరోజులకు, పెళ్ళిళ్ళకు, ఆస్పత్రిలో పడుకున్నవాళ్ళకు, ఉద్యోగం మానేసి పోయేవాళ్ళకు తలా నాలుగు ఇంగ్లీషు పాదాలు అచ్చువేసి అమ్ముతాం. రాసేవాళ్ళు ఐదుగురు, దిద్దేవాణ్ణి నేను. పందొమ్మిదేళ్ళుగా నా చొక్కా జేబులో ఎర్ర పెన్సిలు ఉంటోంది. పాదాల చివరి మాటలు అచ్చంగా కలిస్తే వదిలేస్తాను. కలవకపోతే కింద గీత గీసి వెనక్కి విసిరేస్తాను.

నా బల్ల మీద లావుపాటి నోటుపుస్తకం ఒకటి ఉంది. ఒక్కో ఇంగ్లీషు మాటకు ఒక్కో పేజీ. ఎడమవైపు అచ్చ ప్రాసలు, అంటే చివరి ధ్వని పొల్లుపోకుండా కలిసేవి. నైట్‌కి లైట్, డేకి వే. కుడివైపు దగ్గరి ప్రాసలు, అంటే కలిసీ కలవనివి. టైమ్‌కి లైన్ లాంటివి. కుడివైపున నేను ఈనాటికీ ఒక్క మాట రాయలేదు. అక్కడున్న కోడిగీతలన్నీ పక్క బల్ల పెద్దమనిషివి. ఆయనకు మేం పెట్టిన పేరు సర్దుబాటు. సన్‌కి కమ్ పెడతాడు. అదేమిటయ్యా అంటే, "దగ్గర్లోనే ఉందిగా, సర్దుకుపోదాం" అంటాడు. ఆయన బెల్టుకున్న చిల్లులు చాలక మేకుతో ఇంకోటి పొడుచుకున్నాడు. అలాంటి మనిషికి ప్రాస గురించి ఏం చెబుతాం?

మొన్న సోమవారం మా యజమాని చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. ఆయన చేతులు రుద్దుకున్నాడంటే ఎవరికో మూడిందని అర్థం.

"సారీ కార్డులు వేద్దామండీ. ఈ మధ్య జనం తప్పులు తెగ చేస్తున్నారు, మంచి గిరాకీ ఉంటుంది. పన్నెండు పద్యాలు కావాలి. ప్రతిదాంట్లో మొదటి పాదం సారీతో ముగియాలి. మీరైతేనే నిక్కచ్చిగా రాస్తారు."

నేను పుస్తకం తెరిచాను. ఎడమవైపు రెండే మాటలున్నాయి: లారీ, క్వారీ. ఒకటి కంకర తవ్వే చోటు, ఇంకోటి దాన్ని మోసే బండి. ఇంత పెద్ద భాష, ఊళ్ళేలిన భాష, మనిషి తప్పు ఒప్పుకునే మాటకు తోడుగా కంకర తప్ప ఇంకేమీ పుట్టించలేకపోయింది. కుడివైపు మాత్రం సర్దుబాటు వరసగా నింపి పెట్టాడు. స్టోరీ, గ్లోరీ, వర్రీ, హర్రీ. ఒక్కటీ అచ్చంగా కలవదు. చదువుతుంటేనే నాకు ఒళ్ళు మండింది.

ఇంటికి వెళ్ళి ఈ గోల చెబితే మా ఆవిడ నవ్వలేదు.

"పన్నెండు రాస్తున్నారుగా, పదమూడోది మా వదినకు రాయండి. మీ అమ్మాయి ఫోన్ చేసింది. నెలాఖరుకు వారం సెలవట. వచ్చి వాళ్ళ అత్తయ్య దగ్గరే దిగుతుందట. మీరు ఆవిడకు సారీ చెప్పేదాకా మన గడప తొక్కదట."

విషయం ఇదీ. నాలుగు నెలల కిందట మా అమ్మాయికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. వెళ్ళేముందు ఇంట్లో చిన్న విందు పెట్టాం, ముప్ఫైమంది దాకా వచ్చారు. మా అక్క ఒక కార్డు తెచ్చింది. లోపల తన చేత్తో నాలుగు ఇంగ్లీషు పాదాలు రాసింది. మా అక్క దర్జీ. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. బడికి పోయింది ఐదో తరగతి దాకా. ఇంగ్లీషు మా అమ్మాయి పాత పాఠ్యపుస్తకాల్లోంచి, యాభై దాటాక నేర్చుకుంది. కార్డు చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. నువ్వు ఎక్కడికి వెళ్ళినా నీకొక హోమ్ ఉంది, నువ్వెప్పటికీ అలోన్ కాదు. అలా సాగింది.

నేను ఆలోచించలేదు. అసలు నేనేం చేస్తున్నానో నాకే తెలియలేదు. చేయి జేబులోకి వెళ్ళింది, పెన్సిలు తీసింది, అలోన్ కింద గీత గీసింది. అంతటితో ఆగినా బాగుండేది. నోరు ఊరుకోదుగా. "హోమ్‌కి అలోన్ కలవదక్కా. రోమ్ ఉంది, ఫోమ్ ఉంది, ఏమీ తోచకపోతే కోమ్ అని దువ్వెనైనా పెట్టాల్సింది" అన్నాను. ముప్ఫైమందీ నవ్వారు. వాళ్ళలో హోమ్‌కి, అలోన్‌కి తేడా తెలిసినవాడు ఒక్కడూ లేడు, అయినా పళ్ళికిలించారు. అక్క మాత్రం తన ప్లేటు తను కడిగి బోర్లించి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నాతో మాట లేదు.

"ఆ నాలుగు పాదాలకు వదినకు వారం పట్టింది, తెలుసా? మాటమాటకూ నాకు ఫోన్ చేసి అడిగేది" అంది మా ఆవిడ.

"తప్పును తప్పంటే తప్పా?"

"పిల్ల సెలవుకు అక్కడే ఉంటుంది. మీరు ఇక్కడ కూర్చుని మీ ప్రాసలు నెమరేసుకోండి." ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు కుస్తీపట్టాను. ఆఫీసువి పన్నెండూ రెండో రోజుకే తెమిలాయి. ఆరింట్లో లారీలు, ఆరింట్లో క్వారీలు. యజమాని అవి చూసి తలకాయ గోక్కున్నాడు, అది ఆయన ఖర్మ. పదమూడోదే ముందుకు కదల్లేదు. సర్దుబాటు నా భుజం మీదుగా తొంగిచూసి, "వర్రీ పెట్టండి గురూగారూ. నిన్ను బాధపెట్టానని బెంగగా ఉంది అన్న అర్థం వస్తుంది" అన్నాడు. నన్ను! పందొమ్మిదేళ్ళ సర్వీసువాణ్ణి! కుడివైపు పేజీలోంచి ఎంగిలి మాట ఏరుకోమంటాడు. నేను చూసిన చూపుకి మనిషైతే మాడిపోవాలి, సర్దుబాటు మాత్రం టీ తాగడానికి వెళ్ళాడు.

చివరికి రాశాను. సారీతో మొదటి పాదం, లారీతో రెండో పాదం. నా తప్పు బరువు నిండు లోడు లారీ అంత ఉందని భావం. ధ్వని దగ్గర వేలు పెట్టడానికి సందు లేదు. మంచి కాగితం మీద ఎత్తిరాసి ఆదివారం పొద్దున్నే అక్క కొట్టుకు వెళ్ళాను.

కొట్టంటే ఒకే గది, అక్క ఒంటరిగా ఉండేదీ అందులోనే. కిటికీ పక్కన మిషను, గోడ పొడుగునా బడి పిల్లల యూనిఫారాల గుట్టలు, రేకు పెట్టెలో దారపు ఉండలు. అక్క తలెత్తి చూసి, మళ్ళీ పనిలో పడింది. నేను కార్డు మిషను మీద పెట్టాను. తను కళ్ళజోడు సర్దుకుని, పెదాలు కదుపుతూ నెమ్మదిగా చదివింది. రెండోసారి చదివింది.

"ఒరేయ్, ఇందులో లారీ ఎందుకొచ్చిందిరా?"

"ప్రాస కోసం అక్కా. సారీకి అచ్చంగా కలిసేది అదే."

"నన్ను నలుగుర్లో నవ్వులపాలు చేసినందుకు లారీ తోలుకొచ్చావన్నమాట."

నాకు కోపం వచ్చింది. నాలుగు రోజుల కష్టం అది. "ఇందులో ఒక్క తప్పు లేదక్కా" అన్నాను.

"లేదు. నేనూ లేను." కార్డు పక్కన పెట్టేసింది. "ఆ చొక్కా ఎవరు కుట్టారు?"

"నువ్వే."

"బొత్తాలు ఏ దారంతో కుట్టానో చూసుకో."

తల వంచి చూసుకున్నాను. చొక్కా లేతనీలం. దారం నీలం కాదు, బూడిదరంగులో కాస్త నీలం కలిసినట్టుంది. ఎన్నిసార్లు ఆ బొత్తాలు పెట్టుకున్నానో, ఎన్నిసార్లు ఆ జేబులోంచి ఎర్ర పెన్సిలు తీశానో. ఒక్కనాడూ నా కంటికి ఆనలేదు.

"నీకు ఆఫీసులో మీటింగేదో ఉంది, తెల్లారేసరికి కావాలన్నావు" అంది అక్క. "సరైన రంగు దొరకలేదు. దగ్గరిది పెట్టి కుట్టాను. ఎనిమిదేళ్ళయింది. ఒక్క బొత్తామైనా ఊడిందా?"

ఊడలేదు. ఇన్నాళ్ళూ మందిని ఈసడించుకున్నాను. యజమానిని, సర్దుబాటుని, విందులో నవ్విన ముప్ఫైమందిని. ఆ నిమిషాన మాత్రం ఈసడించుకోవడానికి ఆ గదిలో నేను తప్ప ఇంకెవరూ దొరకలేదు. అక్క నా కూతురికి నువ్వు ఒంటరివి కాదని చెప్పింది. ఈ ఒంటిగదిలో ఉంటూ చెప్పింది. నేను దాని కింద ఎర్రగీత గీశాను.

"కార్డులో ఉన్నది నోటితో చెప్పు. లారీ అక్కర్లేదు" అంది.

నోరు తెరిచాను. పందొమ్మిదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళందరి మంచీచెడ్డా అచ్చువేయించిన నోరు అది. "అక్కా, అదీ... ఆ రోజు నేను... అలా గీయకుండా ఉండాల్సింది. అంటే, గీత సంగతి కాదు. నవ్వించకుండా ఉండాల్సింది" అన్నాను. సారీ అన్న మాట మటుకు బయటికి రానేలేదు.

అక్క సూదిలో దారం ఎక్కించింది. తర్వాత దారాన్ని పంటితో తెంపింది.

"అచ్చంగా కుదరలేదురా. దగ్గర్లోనే ఉంది, సర్దుకుపోదాంలే" అంది. "నెలాఖరుకు పిల్లను నేనే మీ ఇంటికి తీసుకొస్తాను. ఆ పెన్సిలు మాత్రం ఇక్కడ పెట్టి వెళ్ళు."

పెన్సిలు తీసి మిషను మీద పెట్టాను. అక్క దాన్ని దారపు ఉండల పెట్టెలో పడేసి, మూత వేసింది.