ఈసారి కప్పు మనదే

కుంచెను సున్నం బాల్చీలో ముంచి, అంచుకు తట్టి, ఫల్గుణ మళ్ళీ నడుం వంచాడు. రాత్రి మంచుకు సిమెంటు కోర్టు తడిసిపోయి ఉంది. ముందు గోనెపట్టాతో తుడుచుకుంటూ, వెనక గీత దిద్దుకుంటూ పోతున్నాడు. కోతిటోపీ కింద నెరిసిన గడ్డం, పిక్కల పైకి మడిచిన ఖాకీ ప్యాంటు, ఏ చెప్పులకూ లొంగని వెడల్పాటి పాదాలు. కుడిచేతి చూపుడువేలికి గోరు లేదు. ఈ కోర్టు కోసం కొండవాలు చదును చేసేటప్పుడు రాయి మీద పడి నలిగింది. ఎవరైనా అడిగితే ఆ సంగతి బాధగా కాదు, గొప్పగా చెబుతాడు.

అరకు ఊరి చివర కొండవాలు మీదున్న ఆ చిన్న కాలేజీలో అతను అటెండరు. కాలేజీ కట్టేటప్పుడు ముంచింగిపుట్టు వైపు నుంచి రాళ్ళు మోయడానికి వచ్చిన కూలీల్లో ఒకడు. పని అయ్యాక మిగతావాళ్ళంతా వెళ్ళిపోయారు. గొడ్లు లోపలికి రాకుండా చూస్తుండమని ఇతన్ని ఉండమన్నారు, ఉండిపోయాడు. భార్య సోములమ్మ కాఫీ పళ్ళు కోయడానికి తోటలకు వెళ్తుంది. పిల్లల్లేరు. ఆ మాట ఎత్తడం ఇద్దరూ ఎప్పుడో మానేశారు. తన చేత్తో చేసినవాటిలో పది కాలాలు నిలిచేది ఈ కోర్టు ఒక్కటేనని ఫల్గుణ నమ్మకం.

బాస్కెట్‌బాల్ గురించి అతనికి తెలిసింది తక్కువ, పట్టింపు ఎక్కువ. సగం ఆట అయ్యాక రెండు జట్లూ వైపులు ఎందుకు మారతాయో ఇప్పటికీ అర్థం కాదు. రిఫరీ అవతలివాళ్ళ మీద ఈల వేస్తే ధర్మం, మనవాళ్ళ మీద వేస్తే అన్యాయం. కిందటేడు అమ్మాయిల జట్టు విశాఖపట్నంలో సెమీఫైనల్ దాకా వెళ్ళి ఓడిపోతే, తిరుగు ప్రయాణంలో ఘాట్ రోడ్డంతా ఆ రిఫరీని తిడుతూనే వచ్చాడు. ఈ ఏడు ఆ పోటీలు ఇక్కడే, ఈ కోర్టు మీదే జరగబోతున్నాయి. అందుకే పొద్దున్నే ఈ గీతలు.

పని ముగించి గేటు ముందున్న టీ బడ్డీకి వెళ్ళాడు. నూకరత్నం గ్లాసు అందిస్తూ నవ్వింది.

"ఏటి ఫల్గుణా, ముగ్గులెట్టడం అయిపోనాదేటి?"

"ముగ్గులు కావమ్మా. గీతలు."

"ఏవైతేనేటి, ఈసారి కప్పు మనదే," అన్నాడు బల్ల మీద కూర్చున్న జీపు డ్రైవరు రవిబాబు. "కప్పొచ్చిన్నాడు నా జీపుకి పూలు కట్టించీసి, సోనిని ముందు కూకోబెట్టీసి ఊరంతా తిప్పుతాను. సూడు."

"ఆ రోజు బజ్జీలు నాయి," అంది నూకరత్నం.

కిందటి నెలనుంచి ఊళ్ళో ఇదే వరస. ఆట ఒక్కసారైనా చూడనివాళ్ళు కూడా సోని పేరు చెప్పి పందేలు కాస్తున్నారు. ఫల్గుణ టీ ఊదుకుంటూ ముసిముసిగా నవ్వుకున్నాడు. సోని అతని తల్లిగారి ఊరి పిల్ల, వరసకు మేనకోడలు. చెట్టుకొమ్మల్లాంటి పొడుగాటి చేతులు. హాస్టల్లో ఉండలేనని తొలిరోజు ఏడుస్తుంటే, కోర్టు దగ్గరికి తీసుకొచ్చి ఆ చేతుల్లో బంతి పెట్టింది ఇతనే. అప్పటినుంచి ఆ పిల్ల ఆట తన ఇంటి పంటే అన్నట్టు చూసుకుంటున్నాడు.

క్లాసులు మొదలైన కాసేపటికి తెల్ల కారు ఒకటి లోపలికి వచ్చింది. ఇద్దరు దిగారు. ఒకాయన మెడలో ఈల, నెత్తిన టోపీ. ఇద్దరూ నేరుగా కోర్టు మీదికి వెళ్ళి, గీతల వెంట నడుస్తూ బోర్డు వైపు తలెత్తి చూశారు. ఫల్గుణకు ఇక అనుమానమే లేకపోయింది. పోటీలకు ముందు కోర్టు చూసుకోవడానికి రిఫరీలు వచ్చారు. కిందటేటి గొడవ గుర్తొచ్చింది. వీళ్ళను మంచి చేసుకోవాలి.

అతని ఊళ్ళో చుట్టం గడప దగ్గరికి వస్తే కాళ్ళు కడగనిదే కూర్చోబెట్టరు. ఫల్గుణ పరుగున ఇంటికి వెళ్ళి బాల్చీలో నీళ్ళు, పసుపు తెచ్చాడు. వచ్చినవాళ్ళు వద్దంటే వద్దన్నారు. ఇతను వినలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, వాళ్ళ బూట్ల తాళ్ళు తనే విప్పి, పసుపు నీళ్ళతో ఇద్దరి కాళ్ళూ కడిగాడు. టోపీ ఆయన సిగ్గుపడ్డాడు. రెండో ఆయన నవ్వుతూ ఫోన్‌లో వీడియో తీసుకున్నాడు.

"సోని అనే అమ్మాయి ఎక్కడుంది?" అని అడిగారు.

రిఫరీలకు కూడా మా పిల్ల పేరు తెలుసన్నమాట. ఫల్గుణ ఛాతీ ఉబ్బింది. క్లాసు గుమ్మంలోకి వెళ్ళి తనే పిలుచుకొచ్చాడు. ఆ ఇద్దర్నీ చూడగానే సోని ఆగిపోయింది. కొత్తవాళ్ళను చూసి ఆగినట్టు లేదు. కాలు నొప్పిగా ఉంది, ఇప్పుడు ఆడలేనని తమ ఇళ్ళలో మాట్లాడుకునే ఒడియాలో గొణిగింది. ఫల్గుణ ఊరుకోలేదు. పెద్దవాళ్ళ ముందు పరువు తీయొద్దని అదే భాషలో గదమాయించి, బంతి చేతిలో పెట్టాడు.

ఆడింది. మూల నుంచి వేసింది, దూరం నుంచి వేసింది. ఒక్కటీ తప్పిపోలేదు. ప్రతి బంతికీ ఫల్గుణ చప్పట్లు కొట్టాడు. టోపీ ఆయన ఆమె చేతులు చాపించి చూశాడు, గెంతమన్నాడు, పాత దెబ్బలేమైనా ఉన్నాయా అని మోకాలు నొక్కి అడిగాడు. సంతలో గిత్తను చూసినట్టే చూశాడు. ఆ క్షణంలో ఫల్గుణకు అదీ గర్వంగానే ఉంది.

మధ్యాహ్నం టీ బడ్డీ దగ్గర ఈ సంగతంతా మరికాస్త కలిపి చెప్పాడు. రిఫరీలు నోళ్ళు వెళ్ళబెట్టారన్నాడు. రవిబాబు తొడ చరిచాడు. నూకరత్నం టీకి డబ్బులు వద్దంది.

ఎండ వాలుతుండగా హాస్టల్ మెట్ల దగ్గర సోని కనిపించింది. పక్కన రేకుపెట్టె.

"మావా, ఈ పెట్టె కాస్త పట్టవా? ఊరికెళ్ళాలి. అమ్మకి బాగోలేదంట."

ఇద్దరే ఉన్నప్పుడు ఎప్పుడూ ఇంటి భాషలోనే మాట్లాడే పిల్ల, ఈ మాట తెలుగులో చెప్పింది. ఫల్గుణకు అది చెవిన పడింది కానీ మనసుకు ఎక్కలేదు. కంగారుపడ్డాడు.

"ఏటయింది? జొరమేటి? ఎలాగెల్తావు?"

"ఆ కారువాళ్ళు అటే పోతన్నారంట. దింపుతామన్నారు."

పెట్టె భుజానికి ఎత్తుకున్నాడు. బరువుగా ఉంది. కారు డిక్కీలో పెట్టి, ఉండు బేగి వచ్చేస్తానని ఇంటికి పరుగెత్తి, సోములమ్మ దాచిన కొండతేనె సీసా తెచ్చాడు.

"గోరువెచ్చటి నీళ్ళల్లో కలిపి అమ్మకి తాగించు. తగ్గిపోతాది. నువ్వేటీ బెంగెట్టుకోకు, పోటీలకి బేగి వచ్చీ."

సోని సీసాను రెండు చేతులా అందుకుంది. కారు కదిలింది. గేటు దిగితే కొంచెం దూరంలో మలుపు. ఎడమకు వెళ్తే ముంచింగిపుట్టు, కుడికి వెళ్తే టైడా మీదుగా విశాఖపట్నం. కారు కుడికి తిరిగింది. పెట్రోలు పోయించుకోవడానికేమో అనుకున్నాడు ఫల్గుణ.

సాయంత్రం ప్రాక్టీసుకు అమ్మాయిలు వచ్చారు కానీ ఎవరూ బంతి ముట్టలేదు. కెప్టెన్ జయశ్రీ పొద్దున్న వేసిన గీత మీదే చతికిలబడింది.

"సున్నం అంటుకుంటాది, లెగమ్మా. ఆట లేదేటి?"

"ఎవరితో ఆడమంటావు బాబాయ్? సోని ఎల్లిపోయింది కదా."

"అమ్మకి బాగోలేదనీసి ఎల్లింది. నాలుగు రోజుల్లో వచ్చీదా?"

జయశ్రీ అతని ముఖం చూసి కళ్ళు దించుకుంది.

"అలా చెప్పిందా నీకు? వాళ్ళు రిఫరీలు కాదు బాబాయ్. విశాఖపట్నంలో కాలేజీవాళ్ళు. ఈ ఏడు సోని వాళ్ళ జట్టులో ఆడతాది. టీసీ కూడా తీసేసుకుందంట. అంతా పీడీ సారే మాట్లాడి పెట్టారంట. మాకూ ఇప్పుడే తెలిసింది."

ఫల్గుణ నేరుగా వ్యాయామ గదికి వెళ్ళాడు. ఆటలు నేర్పే పీడీ శివప్రసాద్ సారు బైక్ తాళాలు వెతుక్కుంటున్నారు.

"నిజవేనా సారూ?"

"మంచి కాలేజీ ఫల్గుణా. తిండి, చదువు, రేపొద్దున ఉద్యోగం కూడా వాళ్ళే చూస్తారు. ఇక్కడుండి ఏం చేస్తుంది పిల్ల? ముందే తెలిస్తే ఊరంతా అడ్డుపడుతుందని చెప్పలేదు."

"ఎల్లొద్దని నాను అనీవోణ్ణా సారూ? నిజం సెప్పినా ఆ పెట్టి నానే మోసీవోణ్ణి కదా. నా సేత ఆళ్ళ కాళ్ళు కడిగించీసినారు."

"నువ్వే కడిగావు కదయ్యా. ఎవరడిగారు నిన్ను?"

అది నిజమే. ఎవరూ అడగలేదు. కాళ్ళు కడిగిందీ, పిల్లను పిలుచుకొచ్చిందీ, ఆడనంటే గదమాయించి ఆడించిందీ, పెట్టె మోసిందీ తనే. ఊరు ఊరంతా మోసపోయింది. వాళ్ళు ఉత్తినే మోసపోయారు, తను చాకిరీ చేసి మరీ మోసపోయాడు. సారు మీద కోపం వచ్చింది, ఆ టోపీవాడి మీద అసహ్యం వేసింది. సోని మీద ఏం వచ్చిందో అతనికే తెలియలేదు.

గేటు దాటాడు. నూకరత్నం ఏదో అడుగుతోంది. రవిబాబు పిలుస్తున్నాడు. వాళ్ళ వైపు చూడటానికి ముఖం చెల్లక, తల దించుకుని రోడ్డు పట్టుకు నడిచాడు. ఎక్కడికన్నది లేదు. ఇంకా వెలుగు ఉంది. రోడ్డు పక్క వలిసె పూలు పసుప్పచ్చగా విరగబూసి, టూరిస్టులు వాటి మధ్య ఫోటోలు దిగుతున్నారు.

మలుపు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి.

కుడివైపు రోడ్డు మొదట్లో, గేటు దగ్గర్నుంచి కనపడని కల్వర్టు గోడ మీద తేనె సీసా నిలబెట్టి ఉంది. జారిపడింది కాదు, విసిరేసిందీ కాదు. సోని కారు ఆపించి, దిగి, పడిపోకుండా గోడ మధ్యకు జరిపి పెట్టింది. ఊరు విడిచి వెళ్ళడాన్ని రేపో మాపో ఓర్చుకునేవాడే. అబద్ధాన్ని కూడా, చిన్నపిల్ల, భయపడింది అని సర్దుకునేవాడే. తనిచ్చిన కాస్త తేనె కూడా వెంట ఉండకూడదనుకుందే, అది మాత్రం అతని వల్ల కాలేదు. గోడ పక్కన కూలబడి, భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

సీసాను అతను ముట్టుకోలేదు. వాలు ఎండ పడి లోపలి తేనె ఎర్రగా కనిపిస్తోంది. ఒలకకుండా సోములమ్మ మూతకు చుట్టి కట్టిన గుడ్డపీలిక ముడి కట్టినట్టే ఉంది.