వదిలేసిన గీతలు

"స్నానాల గదా అది, ఇటుకల బట్టీయా?" అత్తగారు మూడోసారి అడిగింది. నేలడుగున ఏముందో చూసే రాడార్ బండిని చిన్నకోడలు అక్కడే కడగడంతో, చక్రాల మట్టి గచ్చు మీద తూము దాకా చారలు కట్టింది.

"కడుగుతానన్నాను కదత్తయ్యా."

"నిన్నటి నుంచీ అంటూనే ఉన్నావు. మీ ఆయన జారి పడనే పడ్డాడు."

"పడలేదమ్మా, కాస్త తడబడ్డాను," అన్నాడు భర్త, మోచేతికి మందు రాసుకుంటూ.

చిన్నకోడలు నవ్వలేదు. బావగారు సంతకానికి పంపిన నివేదిక ఆమె చేతిలో ఉంది. సర్వే కంపెనీ ఆయనదే. పాత మైదానంలో కార్ల కోసం నేలమాళిగ తవ్వేముందు, అడుగున పాతకాలపువేమైనా ఉన్నాయేమో చూడాలి. పదకొండు రోజులు, అర మీటరుకో గీత చొప్పున బండి తోసింది ఆమే. నేలలోకి వెళ్ళిన తరంగాలు తిరిగొచ్చి తెర మీద బోర్లించిన గిన్నెల్లా వంపులు వేశాయి. లెక్కపెడితే ముప్పైఒక్క గుంటలు. ఒక్కొక్కటీ మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అన్నీ ఒకే దిక్కుకు. అంత చిన్న సమాధులు ఎవరివో చెప్పడానికి చదువక్కర్లేదు.

నివేదికలో మాత్రం రెండు మీటర్లకో గీత ఉంది. నాలుగింట మూడు గీతలు తీసేస్తే, గుంటల్లో చాలావరకు సందుల్లోకి జారిపోయాయి. అయినా తగిలిన ఏడింటినీ 'చెట్ల వేళ్ళు' అని రాశారు.

భోజనాల వేళకు బావగారు వచ్చారు. "అమ్మాయ్, సంతకమైందా?"

"ఆ మైదానంలో చెట్టెక్కడుంది బావగారూ, వేళ్ళుండటానికి?"

"ఒకప్పుడు ఉండేదేమో! రెండు మీటర్లకో గీత అందరూ చేసేదే. అందులో అబద్ధం ఒక్క ముక్క చూపించు."

"పిల్లి కళ్ళు మూసుకున్నంత మాత్రాన గిన్నెలో పాలు లేకుండా పోవు."

"అన్నయ్యతోనా ఆ మాటలు!" భర్త కసిరాడు. "ఎప్పటివాళ్ళో ఏమో. ఇప్పుడెవరికి బాధ?"

ఆమెకు ఒళ్ళు భగ్గున మండింది. "కన్నవాళ్ళు మూడేసి అడుగులు కొలుచుకుని తవ్వారండీ! ఒక్క గుంటా పక్కదానికి తగల్లేదు. ఇప్పుడు పొక్లెయిన్‌తో గోకి లారీల్లో పోస్తారా? అదీ నా సంతకంతో?"

అత్తగారి చేయి కంచంలోనే ఆగిపోయింది. "మూడడుగులేనా?" అంది మెల్లగా.

చిన్నకోడలు లేచి వెళ్ళి గచ్చు కడిగింది. చారలు పోయేదాకా రుద్దింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. గొంతు పెంచలేదు.

"గది శుభ్రమైంది అత్తయ్యా. బావగారూ, ఆ కాగితం మీద నా పేరు కొట్టేశాను. రేపు పొద్దున్నే గీతలన్నీ పురావస్తు శాఖలో ఇచ్చి వస్తాను. ఇక మీ పనిలోకి రాను."