వెనక గోడ

మన్సూరాబాద్‌లోని ఆ స్కూలుకు గ్రౌండు లేదు, సెల్లార్ ఉంది. కరస్పాండెంట్ కారు బయట పెట్టించి, స్తంభాలకు గోనెసంచులు చుట్టించి, నేల మీద ఇసుక పోయించి, జంగయ్య సార్ ఆడపిల్లలకు అక్కడే కబడ్డీ నేర్పాడు. వెడల్పు సరిపోయింది కాని పొడవు చాలలేదు. చివరి గీత పడాల్సిన చోట గోడ అడ్డొచ్చింది.

"గోడనే గీత అనుకోండ్రి," అన్నాడు సార్.

స్వప్న అలాగే అనుకుంది. ఎదుటి పిల్ల కూతకు వస్తే వెనక్కి వెనక్కి జరిగి, వీపు గోడకు తగలగానే దాన్ని మడమతో తన్ని ముందుకు లేచేది. ఆ సిమెంటు చల్లదనం వీపుకు తాకిన క్షణం ఆమెకు భయం పోయేది. కోర్టు మూలన, కార్నర్‌లో నిలబడే ఆమె ఎడమ చెయ్యి ఎప్పుడూ పక్కనుండే తన్మయి కుడి చేతిలో ఉండేది. ఒకరు జరిగితే ఇద్దరూ జరగాలి, ఒకరు దూకితే ఇద్దరూ దూకాలి. అది వాళ్ల ఆట.

టోర్నమెంటుకు ముందు ఎల్బీనగర్‌లో అసలైన గ్రౌండు మీద ఆడించాలని సార్ అనుకున్నాడు. తెలంగాణ ఉద్యమం ముదిరి, ఆ గ్రౌండులో పోలీసు బలగాలు గుడారాలు వేసుకున్నాయి. బంద్ లేని రోజుల్లో పిల్లలు మళ్లీ సెల్లార్‌కే దిగారు.

తన్మయి వాళ్లది విజయవాడ వైపు. నాన్న మురళీకృష్ణకు దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల కింద పుస్తకాల షాపు. బంద్‌ల భయానికి షట్టరు సగం దించుకుని కూర్చోవడం ఆయనకు అలవాటైపోయింది. దసరా కాగానే కూతురిని విజయవాడ హాస్టల్లో వేస్తానన్నాడు. తన్మయి అన్నం మానేసి, చివరికి ఆయన దగ్గర ఒక మాట తీసుకుంది. టీము ఈ టోర్నమెంటు గెలిచి జిల్లా పోటీలకు వెళ్తే టెన్త్ ఇక్కడే. ఓడితే సోమవారం బస్సెక్కాలి.

"నేను పోతే నీకేంటే, కార్నర్ అంతా నీదే," అంది తన్మయి ఫైనల్‌కు ముందురోజు, గోడకు ఆనుకుని.

"కార్నర్ నాదే. చెయ్యెవ్వలిది?"



స్వప్న వాళ్ల నాన్న బక్కయ్య నల్లగొండ పల్లె నుంచి వచ్చి ఆటో నడుపుకుంటున్నాడు. అన్న మహేందర్ ప్రతి ర్యాలీకీ పోయేవాడు. జై తెలంగాణ అని స్వప్న కూడా అరిచింది, మనసారా అరిచింది. ఆ అరుపుకూ తన్మయి ఇంట్లో సర్దుతున్న బట్టలకూ సంబంధం లేదని తనకు తాను చెప్పుకునేది. ఎవరూ అడక్కుండానే అలా చెప్పుకోవాల్సి రావడం ఆమెను లోపల గీరుతుండేది. గెలిస్తే ఇక ఆ మాట చెప్పుకునే పని ఉండదనుకుంది.

ఫైనల్ పెద్ద అంబర్‌పేట్ అవతల, ఎదుటి స్కూలు వాళ్ల సొంత గ్రౌండులోనే. వాళ్లకు హాస్టలు, కోచ్, ఒకేరకం బూట్లు. వీళ్లు బక్కయ్య ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని దిగారు.

"ఏందే, టీషర్టులు మూడు రంగులున్నయ్? ఏ టీము మీది?" అని నవ్విందొక పిల్ల.

"ఇండియా టీము," అంది స్వప్న.

ఆటలో మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. సెల్లార్‌లో స్తంభాల మధ్య తప్పుకోవడం నేర్చిన పిల్లలు చేపల్లా జారిపోతుంటే పెద్ద స్కూలు పిల్లలు గాలిని పట్టుకున్నారు. వాళ్ల కోచ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చివరి కూతకు వచ్చేసరికి వీళ్లు ఒక్క పాయింటు ముందున్నారు. గీత బయట నీళ్ల సీసా పట్టుకుని ఉన్న మురళీకృష్ణ తనను తాను మరచిపోయి, "పట్టండమ్మా, పట్టండి!" అని అరిచాడు. ఆ గొంతు వినగానే, తన్మయి ఇక ఇక్కడే ఉండిపోయినట్టే అనిపించింది స్వప్నకు.

వాళ్ల పొడుగు పిల్ల కూతకు వచ్చింది. నేరుగా కార్నర్ మీదికే వచ్చింది. అప్పటిదాకా ప్రతి ఆటలో గీత చూసుకుంటూ జరిగిన స్వప్న ఈసారి చూడకుండానే వెనక్కి జరిగింది, చేతిలో చెయ్యితో తన్మయి కూడా జరిగింది. ఇంకాస్త జరిగారు. ఇప్పుడు గోడ తగలాలి. స్వప్న వీపు దానికోసం చూసింది. నిన్నటిదాకా ఎన్నడూ మోసం చేయని గోడ అది. తగల్లేదు. ఇంకొక్క అడుగు వేసింది.

విజిల్ మోగింది. పొడుగు పిల్ల ఎవరినీ తాకనే లేదు, ఊరికే వెనక్కి నడిచి వెళ్లిపోయింది. రెఫరీ రెండు వేళ్లు ఎత్తాడు.

"లైన్ అవుట్. ఇద్దరు. రెండు పాయింట్లు."

స్వప్న కిందికి చూసింది. సున్నపు గీత తమ పాదాలకు ముందు ఉంది. వెనక గాలి తప్ప ఏమీ లేదు. ఆమె ఇంకా తన్మయి చెయ్యి వదల్లేదు.

జంగయ్య సార్ వచ్చి స్వప్న తల మీద చెయ్యి వేశాడు. "నేనే జెప్పిన గద బిడ్డా, గోడనే గీత అని," అన్నాడు. మురళీకృష్ణ మూత తీసి నీళ్ల సీసా స్వప్నకే ముందు ఇచ్చాడు. "బాగా ఆడావమ్మా." కోపంగా ఒక్క మాటన్నా బాగుండుననిపించింది ఆమెకు.

"నువ్వన్న నా చెయ్యి ఇడిస్తే అయిపోతుండె గదనే," అంది స్వప్న ఆటో దగ్గర, తన్మయితో. "ఒక్కదాన్నే అవుటయితుంటి. ఆట సమానమన్న అయితుండె."

"నేనూ గోడ ఉందనే అనుకున్నానే," అంది తన్మయి.

అది నిజమో, తనను ఓదార్చడానికి అన్నదో స్వప్నకు తెలియలేదు. నిజమైతే తన తప్పు సగమవుతుంది. అబద్ధమైతే, గీత దాటుతున్నామని తెలిసి కూడా తన్మయి చెయ్యి వదల్లేదని అర్థం. ఏది కావాలని కోరుకోవాలో ఆమెకు పాలుపోలేదు.

సోమవారం సాయంత్రం సెల్లార్‌లో సార్ ఆమె పక్కన, తన్మయి ఉండే చోట, ఎనిమిదో తరగతి పిల్లను నిలబెట్టాడు.

"చెయ్యి పట్టుకోనా అక్కా?"

"జర ఆగు."

కూత మొదలైంది. స్వప్న వెనక్కి జరిగింది. గోడ ఉన్నచోటే ఉంది, తెలుసు. అయినా దానికి మూరెడు దూరంలోనే కాళ్లు ఆగిపోయాయి. ఎడమ చెయ్యి మాత్రం పక్కకు చాచే ఉంది.