ఆశ కట్టిన బెల్టు

విశాఖపట్నానికి విమానంలో రావడం కోసం పైడయ్య రైల్లో హైదరాబాదు వెళ్ళాడు. నవ్వకండి. మనవరాలు ఆశ ఎయిర్‌హోస్టెస్‌గా చేరి ఎనిమిది నెలలైంది. ఎక్కితే ఆ పిల్ల పనిచేసే విమానమే ఎక్కాలని అరవై ఏడేళ్ళ తాత పట్టుబట్టాడు. ఆశ తన డ్యూటీ చూసుకుని టిక్కెట్టు తీసింది. ఆ కబురు పైడయ్య జాలారిపేటలో నలుగురికి చెప్తే, పూర్ణా మార్కెట్లో చేపలమ్మే ఆయన భార్య గంగాలమ్మ నాలుగొందల మందికి చెప్పింది.

సీట్లో కూర్చున్నాడన్న మాటే గానీ ఆయనకి ఒళ్ళు తెలియడం లేదు. యూనిఫాంలో ఆశ నడిచొచ్చి, దారిలోకి చాచిన చెయ్యి చూసి, "మోచెయ్యి లోపల పెట్టుకోండి సర్" అంది. సర్! నిన్నమొన్నటిదాకా తన భుజమెక్కి ఒడ్డంతా తిరిగిన పిల్ల. డ్యూటీలో చుట్టరికాలు ఉండవని ముందే చెప్పింది గానీ, పైడయ్య నవ్వాపుకోలేక తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అన్నీ నచ్చాయి, ఒక్క బెల్టు తప్ప. సముద్రంలో చేపల వేటకెళ్ళేవాడు పడవకి తనని తాను కట్టుకోడు. పడవ బోల్తాపడితే కట్టుకున్నవాడు దాంతోపాటే అడుక్కి పోతాడు. తండ్రి దగ్గర ఆయన నేర్చుకున్న మొదటి పాఠం అదే. అందుకే విమానం లేచేదాకా బుద్ధిగా పెట్టుకుని, ఆశ అటు తిరగగానే తీసేసి, చొక్కా కిందికి లాగి కప్పేశాడు.

కిటికీ పక్కన కూర్చున్న గురునాథరావు అది చూశాడు. స్టీల్‌ప్లాంటులో రిటైరై కూర్మన్నపాలెంలో ఉంటున్న మనిషి, రెండు నెలలకోసారి విమానం ఎక్కుతాడు. గాలి కుదుపు చెప్పి రాదనీ, తన స్నేహితుడొకడు ఇలాగే కప్పుకి గుద్దుకుని మూడు నెలలు మెడకి పట్టీతో తిరిగాడనీ చెప్పాడు. యాభై ఏళ్ళు అలల మీద నిలబడ్డ కాళ్ళివి, కుదుపులు వీటికి కొత్త కాదని పైడయ్య కొట్టిపారేశాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

విమానం దిగడం మొదలైంది. ఇద్దరి మధ్యా ఖాళీగా ఉన్న సీటు మీదుగా వంగి చూస్తే, మబ్బుల సందులో సముద్రం! తన సముద్రమే. హార్బరు బయట వరసలో ఆగిన ఓడలు అగ్గిపెట్టెలంత ఉన్నాయి. యాభై ఏళ్ళు తిరిగిన నీళ్ళని పైనుంచి చూస్తుంటే ఆయనకి గట్టిగా అరవాలనిపించింది.

అప్పుడే విమానం ఒకసారి జల్లెడలా ఊగింది. అందరూ బెల్టులు పెట్టుకోవాలని మైకులో చెప్పారు. ఆశ బెల్టులు చూసుకుంటూ గబగబా తన సీటు వైపు వెళ్తూ పైడయ్యని దాటింది. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చింది. తాత సంగతి దానికి తెలియంది కాదు. ఒక్క మాటైనా అడక్కుండా చొక్కా అంచు ఎత్తింది.

"ఏటి తాతా ఇది?"

సర్ ఎగిరిపోయింది. ఆశ వంగి, బెల్టు రెండు కొసలూ కలిపి, నొక్కి, బిగించి లాగింది. అంతే, కాళ్ళ కింద విమానం జారిపోయింది.

ఆశ పైకి లేచిపోయింది. తల కప్పుకి కొట్టుకుని, దారిలో అడ్డంగా పడింది. కుడికాలు సీటు కింద మడత పడింది. ఫోన్లూ, నీళ్ళ సీసాలూ గాల్లో తిరుగుతున్నాయి. పైడయ్య చెయ్యి తనంతట తనే వెళ్ళి మనవరాలి మణికట్టు పట్టుకుంది. చేపలతో బరువెక్కిన వలని లాగే పట్టు అది.

"ఒగ్గేయ్ తాతా, నీ సెయ్యి ఇరిగిపోద్ది."

"నానొగ్గను."

విమానం మళ్ళీ పడింది. ఆశ గాల్లోకి లేచింది, దాంతోపాటు ఆయనా లేచాడు. బెల్టు పొట్టలోకి కోసుకుపోయి, ఆపింది. అది లేకపోతే తాతా మనవరాలూ ఇద్దరూ కప్పుకే. గురునాథరావు తనూ ఒక చెయ్యి వేసి లాగాడు. ఇద్దరూ కలిసి పిల్లని మధ్య సీటులో పడేసి బెల్టు పెట్టారు.

విమానం నేలని తాకగానే అందరూ చప్పట్లు కొట్టారు. పైడయ్య కొట్టలేదు. ఆశ నుదుటి మీద నెత్తురు, చీలమండ బూరెలా పొంగింది. ఎలా పడ్డావని సీనియర్ ఎయిర్‌హోస్టెస్ అడిగితే, బెల్టు చూస్తూ పడ్డానంది గానీ ఎవరి బెల్టో చెప్పలేదు. పైడయ్యకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ బెల్టు తనదేనని, తప్పంతా తనదేనని అందరూ వినేలా చెప్పాడు.

గురునాథరావు తప్ప మిగతా అందరూ దిగిపోయారు. పైడయ్య కాళ్ళు పక్కకి తిప్పుకుంటే, సిబ్బంది ఆశని మెల్లగా ఆయన మీదుగా దారిలోకి ఎత్తి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. పైడయ్య మాత్రం సీట్లోంచి లేవలేదు. దెబ్బ తగిలిందేమోనని సీనియర్ కంగారుపడి, బెల్టు తియ్యబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మా పడవల్లో ముడేసినోలే ఇప్పాలమ్మా. ఇది నా మనవరాలు కట్టింది. అదిప్పితేనే లెగుత్తాను."

ఆశ నొప్పితో మూలుగుతూనే నవ్వింది. కుర్చీలోంచి వంగి, ఎడంచేత్తో బెల్టు విప్పింది.

"ఇంక లేవండి సర్."

పైడయ్య లేచి నిలబడ్డాడు. అలల మీద యాభై ఏళ్ళు నిలబడ్డ ఆ కాళ్ళు అప్పుడు వణికాయి. ఆయన మనవరాలి కుర్చీ పట్టుకున్నాడు.