కొలిమి తిత్తితో కనుమ దాటిన కారు

మా ఆయన జపార్‌కుల్ తనకు ఊపిరి ఆడకపోయినా ఓర్చుకుంటాడు గానీ, తన కారుకి ఆడకపోతే ఓర్చుకోలేడు. సోవియట్ కాలంలో కొన్న కారది. మా నారిన్ లోయలో బాగానే తిరుగుతుంది. కొండమీది మేత మైదానానికి పోయే కనుమ ఎక్కేటప్పుడు మాత్రం, పదకొండో మలుపు రాగానే దగ్గి దగ్గి ఆగిపోతుంది. అక్కడ గాలి పలచన. మనుషులకే ఆయాసం వస్తుంది, పాత ఇంజనెంత!

కిందటేడు మా వియ్యంకుడు కచ్‌కిన్ తన గుర్రానికి తాడు కట్టి, కారుని మైదానం దాకా లాక్కెళ్లాడు. దారి పొడుగునా గుడారాల్లోంచి జనం బయటికొచ్చి చూశారు. స్టీరింగు పట్టుకుని కూర్చున్న మా ఆయన ఆ పూట మాంసం ముట్టలేదు.

ఈ ఏడు మనవరాలు సెజిమ్ నిలబడడం నేర్చింది. కాళ్ల తాడు కోసే వేడుక మైదానంలోనే పెట్టారు. పిల్ల రెండు కాళ్లకీ నలుపు తెలుపు ఉన్ని తాడు కడతారు. దాన్ని కోసినవాళ్ల నడకే పిల్లకి వస్తుందని మావాళ్ల నమ్మకం. అందుకే చురుకైన కాళ్లున్నవాళ్లనే పిలుస్తారు. మా అమ్మాయి ఎల్నూరా మాత్రం పట్టుబట్టింది. "మా నాన్నే కొయ్యాలి" అంది.

మా ఆయనకి ఎడమ కాలు కుంటి. ట్రాక్టరు మీంచి పడ్డప్పటి నుంచీ అంతే. వియ్యంకుడు ఫోన్లో నవ్వుతూనే ఒక మెలిక పెట్టాడు.

"బావగారూ, మీ కాళ్ల సంగతి ఎందుకులెండి, మీరు నడిచేది కారుతోనే కదా! కారు తన బలంతో కనుమ దాటితే కత్తి మీ చేతికిస్తా. తాడు కట్టి లాగించుకొచ్చిన మనిషి తాడెలా కోస్తాడు చెప్పండి?"

"అలాగే బావగారూ" అన్నాడు మా ఆయన. ఫోన్ పెట్టేసి బానెట్ ఎత్తాడు. నెల్లాళ్లు దించలేదు.

ఇంజనుకి గాలి చాలకపోతే మనమే ఊదాలి, అదీ ఆయన ఆలోచన. మొదట నా వాక్యూమ్ క్లీనర్ పోయింది. దాన్ని తిరగేసి గొట్టాన్ని కార్బరేటర్‌కి తగిలించాడు. అది తిరిగినంతసేపు కారు బ్యాటరీని తాగేసింది, ఆ తర్వాత రెండూ కలిసి పడుకున్నాయి. తర్వాత మా అమ్మాయి వదిలేసి వెళ్లిన జుట్టు ఆరబెట్టే మిషను. అది కాలి కంపు కొట్టింది.

"ఇంకేం మిగిలింది? నన్ను కూడా విప్పి బిగించు!" అన్నాను.

"ఉండవే బురుల్చా, నీ వంతూ వస్తుంది" అన్నాడు.

వచ్చింది. మా మామగారు కమ్మరి. ఆయన కొలిమి తిత్తి పశువుల కొట్టంలో దుమ్ము కొట్టుకుని ఉంది. గొర్రె తోక కొవ్వు రాసి తోలు మెత్తబరిచాం. కారు ముందు సీటు కింద, పక్కన కూర్చుని నేను కాలితో తొక్కేలా బిగించాడు. మొదటిసారి తొక్కితే ఇంజను ఇంకా ముందే ఆగింది. మా ఆయన మూడు రోజులు తల గోక్కుని కారణం పట్టాడు. గాలి ఒక్క కార్బరేటర్ నోట్లోకే పోతోంది, పెట్రోలు నిలిచే గిన్నెకి పోవడం లేదు. ఆ ఒత్తిడికి పెట్రోలు పైకి రావడం లేదు. గిన్నెకి కూడా సన్నగొట్టం ఒకటి పెట్టాడు. ఆ సాయంత్రం ఇంజను గొంతు మారింది. నాకే ఒళ్లు పులకరించిందంటే చూసుకోండి.

ప్రయాణానికి ముందు రోజు, టీ తాగుతూ మెల్లిగా అన్నాడు.

"పిల్లకి నా కుంటి వస్తుందేమోనే."

"నోర్ముయ్" అన్నాను. ఆ మాట ఆయన్ని ఎన్నాళ్లుగా కొరుకుతోందో అప్పుడు తెలిసింది. కారు గొడవంతా నాకు వేరేలా కనిపించింది.

పదకొండో మలుపులో కారు దగ్గింది. "తొక్కు!" అని అరిచాడు. తొక్కాను. పన్నెండు దాటింది, పదమూడు దాటింది. నా తొడలు మండిపోతున్నాయి, ఆయన నన్నూ ఇంజన్నీ కలిపి బతిమాలుతున్నాడు. "ఇంకొంచెం నా తల్లీ, ఇంకొంచెం!" ఎవర్ని అంటున్నాడో నేను అడగలేదు. చివరి ఎత్తులో తిత్తి అంచు దగ్గర చిరిగింది. గాలంతా నా గౌనులోకి పోయింది, కారు ఆగింది.

పైనుంచి కచ్‌కిన్ గుర్రం దించుకుంటూ వచ్చాడు. జీనుకి తాడు వేలాడుతోంది.

"బానే వచ్చారు బావగారూ! ఇంకా పట్టుమని రెండొందల అడుగులు కూడా లేదు. కట్టమంటారా?"

"వద్దు."

"చెల్లెమ్మా, నువ్వయినా చెప్పు."

"వద్దన్నాడు కదా అన్నయ్యా!" అన్నాను.

మా ఆయన తాళం తిప్పాడు, ఇంజను దగ్గుతూనే మళ్లీ అందుకుంది. తర్వాత నావైపు తిరిగాడు.

"వెనక గేరుకి బలం ఎక్కువే. వెనకద్దంలోంచి దారి చెప్పు."

మలుపులో కారు తిప్పాం. వెనక చక్రాలు ముందు పెట్టుకుని, అంగుళం అంగుళం ఎక్కాం. "ఎడమకి... కొంచెం కుడికి... అక్కడ రాయుంది ముసలోడా!" అని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. అలా పైనున్నవాళ్లకి ముందు మా వీపులే కనబడేలా కనుమ దాటాం. పిల్లలు కేకలేస్తూ పరుగెత్తుకొచ్చారు.

కచ్‌కిన్ కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, జీనుకున్న తాడు విప్పి నేల మీద పారేశాడు.

"వెనక్కి తిరిగొచ్చినా సొంత బలంతోనే వచ్చారు. కత్తి మీదే."

మా ఆయన మోకాళ్ల మీద కూర్చుని తాడు కోశాడు. సెజిమ్ మొదట ఒక అడుగు వెనక్కి వేసి చతికిలబడింది.

"తాత కారే!" అన్నాడు కచ్‌కిన్. అందరూ గొల్లుమన్నారు. మా ఆయన మొహం పాలిపోయింది. నాకు ఆ వియ్యంకుణ్ణి కొట్టాలనిపించింది.

పిల్ల లేచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అడుగులు వేసి, మా ఆయన కుంటి మోకాలినే వాటేసుకుంది. ఆయన పిల్లని ఎత్తుకోలేదు, అలాగే ఉండిపోయాడు, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"నడక సూటిగానే ఉంది కదూ?" అన్నాడు నాతో, ఎవరికీ వినబడకుండా.

నిజానికి కాస్త ఎడమకి ఒరిగింది. తొలి అడుగుల్లో ఏ పసిపిల్లయినా అటో ఇటో ఒరుగుతుంది.

"చక్కగా ఉంది" అన్నాను. ఆయన చెయ్యి పట్టుకుని లేపాను.