బావగారి కోసం లాగుడుబండి

పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని పళ్ళాయన బల్ల ముందు కూర్చున్నాడంటే ఆ వీధికి తెల్లారినట్టు లెక్క. పళ్ళాయన అంటే కట్టుడు పళ్ళు చేసేవాడు. డాక్టరు కాదు. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, ఇంట్లోనే కూర్చుని మైనంతోనూ గులాబి రంగు ప్లాస్టిక్‌తోనూ చిగుళ్ళతో సహా తయారుచేసి తిప్పి పంపిస్తాడు. బల్లకి ఎడమ పక్కంతా ఇకిలిస్తున్న పళ్ళ సెట్లు, కుడి పక్కంతా మిలిటరీ బళ్ళు. ఈ కాలపు ట్యాంకులు, సైనికుల్ని మోసే ఇనప బళ్ళు, వంతెన వేసే బండి, మందుపాతరలు వెతికే బండి. అన్నీ జానెడు పొడుగున, అసలు బండిని పై ఆకాశం నించి చూస్తున్నట్టుంటాయి.

రెండు పనులకీ సామాన్లు ఒకటే. పన్ను అంచు నున్నగా చేసే ఆకురాయితోనే ట్యాంకు చక్రం అంచూ నున్నగా చేస్తాడు. వంకర పళ్ళకి కట్టే సన్న తీగని మెలేసి బండి వెనక ఇనప తాడు చేస్తాడు. ఓసారి ఏ ధ్యాసలో ఉన్నాడో, ఒక పెద్దాయన దవడ పన్ను మీద ట్యాంకుకి వేసే తుప్పు మరక వేసి పంపించేశాడు. ఇంకేముంది, తిట్టుకుంటూ వస్తాడనుకుంటే, "అచ్చం నా పాత పన్నే నాయనా, చల్లగా ఉండు" అని దీవించి వెళ్ళాడా పెద్దాయన.

ఆ బళ్ళ సంగతి వీధిలో అందరికీ తెలిసిందే. చివర్న బురద రంగు పొడి అద్ది ఆరబెట్టగానే ఏ బండి పని ఆ బండి మొదలుపెడుతుంది. ఎంత సరిగ్గా చేస్తే అంత సరిగ్గా పనిచేస్తుంది. మందుపాతరల బండిని పక్కింటి దర్జీ రోజూ కొట్టు కట్టేసే ముందు పట్టుకెళ్తాడు. కింద రాలిన గుండుసూదులన్నీ వెతికి ఓ మూల కుప్ప పోస్తుంది. వంతెన బండి వానాకాలంలో గుమ్మం ముందుంటుంది, చీమలు వరసగా నీళ్ళు దాటి వెళ్తాయి. పెద్ద ట్యాంకుకి మాత్రం పళ్ళాయన గుండ్లు చెయ్యలేదు. ఉత్తినే చెప్పుల స్టాండు పక్కన నిలబెట్టాడు. అయినా కుక్కలు చెప్పులెత్తుకుపోవడం మానేశాయి.

"ఇంట్లో ఇంత సైన్యముంది, బజారునించి సంచీ మోసుకొచ్చే బండి ఒక్కటి లేదు," అని ఆయన భార్య రోజూ సణిగేది.

"దానికి కవచం ఉండదే. కవచం లేని బండి నాకు చేతకాదు."

"మరి నా భుజానికేమైనా కవచముందా?"

పళ్ళాయన ఆకురాయి తీసి గట్టిగా చప్పుడొచ్చేలా రుద్దేవాడు.

ఈయనకి ఒక్కతే చెల్లెలు, రెండు వీధుల అవతల ఉంటుంది. చెల్లెలి మొగుడు మిలిటరీలో సైనికుల్ని మోసే ఇనప బండి నడిపాడు. అందరికీ ఆయన డ్రైవరు. పళ్ళాయన మాత్రం బావా అంటాడు, ఆయనా ఈయన్ని బావా అంటాడు. అసలు పళ్ళాయనకి ఈ బళ్ళ పిచ్చి ఎక్కించిందే డ్రైవరు. సెలవుకొచ్చినప్పుడల్లా బండి కబుర్లు చెప్పి చెప్పి, అన్నం చల్లారిపోయేది ఇద్దరికీ.

అలాంటి మనిషి సర్వీసు ముగించుకుని, దేవుడి దయవల్ల కాళ్ళూ చేతులూ అన్నీ సరిగ్గానే ఉండి ఇంటికొచ్చాడు. వచ్చి కిటికీ పక్కనున్న పేము కుర్చీలో కూర్చున్నాడు. అంతే, దిగబడిపోయాడు. లేపితే లేస్తాడు, స్నానానికి పంపితే వెళ్తాడు, వదిలేస్తే మళ్ళీ కుర్చీలోకే. ఏదైనా అడిగితే "ఊ" అంటాడు. రెండోసారి అడిగితే అదీ లేదు. డాక్టరు అటూ ఇటూ తిప్పి చూసి, ఒంట్లో ఏ లోటూ లేదమ్మా, ఓపిక పట్టండి అన్నాడు.

"పట్టీ పట్టీ చేతులు పడిపోతున్నాయి డాక్టరుగారూ," అందా చెల్లెలు.

ఇలా ఉండగా బస్సు డిపో మేస్త్రి వాళ్ళింటికొచ్చాడు. డిపోలో ఒక క్రేను లారీ ఉంది. దార్లో ఆగిపోయిన బస్సుల్నీ కాలవలో ఒరిగిన బస్సుల్నీ లాక్కొచ్చే లారీ. దాన్ని నడిపేవాడు పని మానేశాడు. డ్రైవరు చెయ్యి ఎలాంటిదో మేస్త్రికి తెలుసు.

"సోమవారం పొద్దున షెడ్డు తెరిచేసరికి వచ్చి తాళాలు తీసుకోవయ్యా. నువ్వు రాకపోతే ఇంకొకర్ని పెట్టేస్తారు. అంతకంటే నేను ఆపలేను."

"ఊ," అన్నాడు డ్రైవరు.

మేస్త్రి గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మా, ఆ ఊ నాకేనా, దోమ కుట్టినా అదేనా?"

ఆమె నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అటునించటే అన్నయ్య దగ్గరికి వెళ్ళింది.

"అన్నయ్యా, వీధిలో వాళ్ళందరికీ బళ్ళిస్తావు కదా. నా మొగుణ్ణి లాగే బండి ఒకటి చేసిపెట్టు. ఈ పని కూడా పోయిందంటే ఆయనింక ఆ కుర్చీలోంచి రాడు. నాకు తెలుస్తోంది."

పళ్ళాయన చేతిలో ఎవరిదో ముందు పన్ను ఉంది. దాన్ని పక్కన పెట్టేశాడు. "లాగుడుబండి చెయ్యాలి," అన్నాడు.

లాగుడుబండి అంటే ట్యాంకుల్ని లాగే ట్యాంకు. బురదలో దిగబడ్డ బళ్ళని బయటికి లాగడమే దాని ఉద్యోగం. దానికి ఫిరంగి ఉండదు. వీపు మీద క్రేను, కడుపులో చుట్టిన ఇనప తాడు, ముందు బుల్డోజరుకున్నట్టు ఓ బ్లేడు. ఆ వారం పళ్ళాయన పళ్ళ జోలికే పోలేదు. ఊళ్ళో ఎంతమంది రొట్టె పాలల్లో నానబెట్టుకుని తిన్నారో మరి. ముక్కలు కత్తిరించడం, అతుకులు కనపడకుండా రుద్దడం, ఆకుపచ్చ వేసి దాని మీద స్పాంజి ముక్కతో పెచ్చులూడినట్టు అద్దడం, మూలల్లో పల్చటి నలుపు పారించడం. ట్రాకులంటే చక్రాల చుట్టూ తిరిగే ఇనప గొలుసులు, వాటిని ఒక్కో లింకూ విడివిడిగా కలిపి తొడిగాడు. పైన ఇద్దరు మనుషుల్ని పెట్టాడు, ఒకడు మూతలోంచి తల బయటపెట్టినవాడు, ఇంకొకడు తాడు దగ్గర నిలబడ్డవాడు. మొహాలు ఎవర్నీ చూసి వెయ్యలేదు, చెయ్యి ఎటు పోతే అటు వేశాడు. పళ్ళు మాత్రం బ్రహ్మాండంగా కుదిరాయి.

ఆదివారం మధ్యాహ్నం బండి తీసుకుని మొగుడూ పెళ్ళాలు చెల్లెలింటికి వెళ్ళారు. దాన్ని కుర్చీకి ఎదురుగా నేల మీద పెట్టారు.

"తాడు ఎక్కడ తగిలించమంటావు?" అన్నాడు పళ్ళాయన.

"బొటనవేలికి కట్టన్నయ్యా. చొక్కాకి కడితే చిరుగుతుంది, మొన్ననే ఇస్త్రీ చేశాను."

కట్టారు. బండి తుమ్మెదలా ఝుమ్మంది. ట్రాకులు గిర్రున తిరిగాయి. గచ్చు మీద జర్రున జారి జారి, ముందుకి పోవాల్సింది తాడు చుట్టుకుంటూ వెనక్కొచ్చి డ్రైవరు పాదానికి గుద్దుకుని ఆగింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ అదే తంతు.

"బండి బాగానే ఉంది. మా తమ్ముడే బరువు," అంది పళ్ళాయన భార్య.

"తిండి సరిగ్గా తింటే కదా వదినా బరువుండడానికి! నీ మొగుడి పనితనం గురించి ఒక్క మాట పడదు నీకు."

"ఇంట్లో నేనంటాగా రోజూ. బయట కూడా నేనే అనాలా?"

పళ్ళాయన ఇవేవీ వినట్లేదు. నేల మీద బోర్లా పడుకుని బండిని నాలుగు పక్కలా చూస్తున్నాడు. తప్పెక్కడో అంతు చిక్కట్లేదు. చెల్లెలు కాసేపు చూసి, పోన్లే అన్నయ్యా అనేసి, గోడకి ఆనుకుని కూలబడింది. ఆ పోన్లే వినడం కష్టంగా ఉంది అందరికీ.

అప్పుడు పేము కుర్చీ కిర్రుమంది. డ్రైవరు ముందుకి వంగాడు.

"బావా, ట్రాకులు తిరగేసి తొడిగావు."

అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. పళ్ళాయన బండినెత్తి చూసి నెత్తి కొట్టుకున్నాడు. అది పళ్ళ పని చేసేవాడు మాత్రమే చెయ్యగల తప్పు. పళ్ళ సెట్టు ఎప్పుడూ మనకెదురుగా, మన వంక చూస్తున్నట్టు పెట్టుకుని చేస్తారు. ఎదుటి మనిషి కుడి మనకి ఎడమ, వాళ్ళ ముందు మనకి వెనక. అలవాటు కొద్దీ బండినీ మొహం తన వైపు తిప్పుకుని, తనకి ఎటు ముందైతే అటే ట్రాకు తొడిగేశాడు. ట్రాకుకి అడుగున నేలని కరుచుకునే అంచులుంటాయి. తిరగేస్తే కరవ్వు, జారతాయి.

"అంటే నా బండికి పళ్ళు తిరగబడ్డాయన్నమాట," అన్నాడు పళ్ళాయన, సిగ్గుపడుతూ.

డ్రైవరు అప్పటికే వెనక్కి వాలిపోయాడు. "మాట్లాడండీ, ఇంకో మాట మాట్లాడండీ," అని చెల్లెలు భుజం పట్టుకుని కుదిపింది. ఊ అని కూడా అనలేదు.

పళ్ళాయన అక్కడే మఠం వేసుకుని కూర్చుని ట్రాకులు ఊడదీసి, లింకులు విప్పి, సరిచేసి తొడిగాడు. పూర్తయ్యేసరికి ఎండ కిటికీ దాటిపోయింది. మళ్ళీ తాడు కట్టి బండి వదలబోతుంటే కుర్చీలోంచి, నూతిలోంచి వచ్చినట్టు, గొంతు వినపడింది.

"ముందు బ్లేడు దించు బావా. అది నేలలో దిగాలి. ఆనుకోకుండా లాగితే లాగే బండే దిగబడుతుంది."

దించాడు. బ్లేడు గచ్చులోకి కసుక్కున దిగింది. తాడు బిగిసి, వీణ తీగలా మోగింది. జానెడు బండి ఒళ్ళంతా వణుకుతోంది. డ్రైవరు బొటనవేలు కదిలింది, పాదం కదిలింది, మోకాలు కదిలింది. కుర్చీ కింద నేల పొడిగానే ఉంది. కానీ బురదలోంచి కాలు పీకితే వచ్చే చప్పుడు గదిలో అందరూ విన్నారు. ఆ చప్పుడుతోపాటే డ్రైవరు లేచి నిలబడ్డాడు, లోపలున్న మాటంతా ఒక్కసారి బయటపడింది.

"మా బండి ఊబిలో దిగింది బావా. లోపల నాతోపాటు కుర్రాళ్ళు. బురద మూతదాకా వచ్చేసింది. అయిపోయిందనుకుని కళ్ళు మూసుకున్నాను. అప్పుడు బయటినించి ఎవరో టకటకా కొట్టారు. ఇలాంటి బండే. లాగేశారు. నేను మూత తెరుచుకుని బయటపడేసరికి వాళ్ళు తాడు చుట్టుకుని వెళ్ళిపోతున్నారు. ఎవరో ఏమిటో తెలీదు. మొహం కూడా చూళ్ళేదు. ప్రాణం పోసినవాళ్ళకి ఒక్క మాట, ఒక్క మంచి మాట చెప్పలేకపోయాను. అది ఇక్కడ ఇరుక్కుంది." గుండె మీద చెయ్యేసుకున్నాడు.

పళ్ళాయన భార్య దగ్గరికొచ్చి అంది, "వాళ్ళు ఆగలేదంటే, ఇంకెక్కడో ఇంకెవరో దిగబడి ఉంటారు తమ్ముడూ."

డ్రైవరు నేల మీద గొంతుక్కూర్చున్నాడు. బండి మీదున్న ఇద్దరి మొహాల్లోకీ మార్చి మార్చి చూశాడు. బొటనవేలంత మనుషులు, ఇంత పళ్ళేసుకుని నవ్వుతున్నారు.

"అన్నా, నువ్వూ, నువ్వూ," అన్నాడు ఒక్కొక్కరికీ విడివిడిగా. "ఆరోజు మీరు రాకపోతే నేనీ ఇంటి మొహం చూసేవాణ్ణి కాదు. మీ పిల్లాపాపా చల్లగా ఉండాలి. మీ మేలు ఊపిరున్నంతకాలం గుర్తుంటుంది."

వాళ్ళు పనిలో ఉన్నారు. చిన్న తాడు దానంతటదే మెల్లిగా చుట్టుకుంది.

"అన్నయ్యా, నీకు నేనేమిచ్చుకోను," అని చెల్లెలు పళ్ళాయన చెయ్యి పట్టుకుంది. ఆయనకి కంగారొచ్చి, "ఏమీ వద్దు, ఆ నేలలో గుంట పడింది, సిమెంటు పూయించుకో," అన్నాడు.

సోమవారం షెడ్డు తెరిచేసరికి డ్రైవరు మేస్త్రి కంటే ముందే గేటు దగ్గరున్నాడు.

ఇప్పుడా ఊళ్ళో ఎక్కడ బస్సు దిగబడినా ఆయనే వెళ్తాడు. బ్లేడు లేదు కాబట్టి చక్రాలకి దుంగలు ఆనించి, లారీ కదలదని కాలితో తన్ని చూసుకుని, అప్పుడు లాగుతాడు. పని ఇట్టే అయిపోతుంది. తిరిగి రావడం దగ్గరే ఆలస్యమవుతుంది. మేస్త్రి ఫోన్లో మొత్తుకుంటాడు, "బస్సు ముందే వచ్చేసిందయ్యా, నువ్వేం చేస్తున్నావక్కడ?"

"జనం ఇంకా చెప్తున్నారు సార్. చెప్పుకోనివ్వకుండా వచ్చేస్తే, పాపం, ఆ మాట లోపలే ఉండిపోతుంది వాళ్ళకి."

మొన్న జోరువానలో టౌను బస్సొకటి కాలవలో ఒరిగింది. లాగి రోడ్డు మీద నిలబెట్టాడు. దిగినవాళ్ళు దిగినట్టే వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని, తోచిన మంచి మాట చెప్పి వెళ్ళారు. ఆఖర్న ఒక ముసలావిడ మిగిలింది. వణికిపోతోంది, పెదాలు కదులుతున్నాయి గాని మాట కుదరట్లేదు. డ్రైవరు లారీ ఎక్కబోయేవాడు ఆగి కిందికి దిగాడు. టోపీ తీసేసి, మొహం బాగా కనపడేట్టు ఆవిడకి ఎదురుగా నిలబడ్డాడు, నెత్తి మీదనించి నీళ్ళు కారుతుండగా.

"మెల్లిగా చెప్పండమ్మా," అన్నాడు. "నాకేం తొందర్లేదు."