నా పెండ్లి కారుకు నల్ల బోల్టులు

నలుగు పెట్టించుకున్న పెండ్లికూతురు గడప దాటగూడదంటారు. నేను దాటినా. మొగమంతా పసుపుతోనే ఆళ్లగడ్డలో నంద్యాల బస్సెక్కి నాయన పక్కన కూచున్నా. బస్సులో అందరూ నన్నే చూస్తాండారు. చూస్తే చూడనీ, నాకేం!

ఇది డెబ్భై ఎనిమిది నాటి మాట. మా నాయన యేసుదాసు బాడుగ కారు తోల్తాండె. పాత ప్లిమత్ కారు, వయసులో నాకంటే పెద్దది. నంద్యాల చర్చిలో నా పెండ్లి. ఆ కార్లోనే, నాయన తోలంగా పోవాలని చిన్నప్పట్నుంచీ నా పట్టు. సరిగ్గా పెండ్లికి ముందురోజే ముందు చక్రం కాడ సస్పెన్షన్ బోల్టు తెగిపాయ. పోయినేడు నాయనే ఏదో మామూలు బోల్టు బిగించినాడంట. పెండ్లికొడుకు మేనమామ దేవసహాయం అప్పుడే కబురంపినాడు, "మా జీపు పంపిస్తాం, ఆ డొక్కు కారెందుకు" అని. డొక్కంట! నాకు ఒళ్లు మండిపాయ.

"నువ్వు కొనే బోల్టు నేను చూడాల్సిందే" అని నాయన ఎంటపడినా.

నంద్యాలలో అంగడాయన రెండు రకాలు ముందర పెట్టినాడు. ఒకటి తళతళా మెరుస్తాంది. ఇంకోటి నల్లగా, జిడ్డు నూనెతో, తలకాయ మీద గీతలతో ఉండాది. మా నాయన ఏం చేసినాడనుకున్నారు? మా వీధిలో అంతా శిల్పాలు చెక్కేవాళ్లే గదా. వాళ్లు రాయిని తట్టి, చెవొగ్గి, లోపల పగులుందో లేదో చెప్తారు. ఈయన గూడా సుత్తి అడిగి తీసుకోని బోల్టుల్ని టంగు టంగుమని కొడతాండాడు!

"మెరిసేదే పాపా. ఎంత బాగా మోగుతాందో చూడు."

"నాయనా, మనం కొనేది రాయి గాదు! దీంతో దేవతను చెక్కుతావా ఏందీ?"

అంగడాయన నవ్వాపుకోలేక, "ఆ గీతలు చూడప్పా. హైటెన్షన్ బోల్టుకే ఉంటాయవి. గీతలెక్కువుంటే గట్టిదని లెక్క" అన్నె.

నాయన మొండోడు. నేను అంతకంటే మొండిదాన్ని. మెరిసే బోల్టును వైస్ అనే ఇనప బిగింపులో పట్టించి, పానాకు పొడుగాటి పైపు తొడిగించి, "తిప్పు నాయనా" అన్నా. తిప్పినాడు. మెలి తిరిగి పుటుక్కుమనె. తర్వాత నల్లది. నాయన తిప్పె, అంగడాయన చేయేసె, పసుపు చేతుల్తో నేనూ పట్టుకుంటి. అబ్బా! పైపు వంగింది గానీ బోల్టు మాత్రం చెక్కు చెదర్లే! నేను అంగట్లోనే ఎగిరి గంతేసినా.

నాయన మాత్రం తెగిన ముక్కను చేతిలో పట్టుకోని, "దీన్నేసి నిన్ను కూచోబెడదామనుకున్న్యానే పాపా" అన్నాడు.

సాయంత్రానికల్లా ముందు చక్రాలు రెండిటికీ నల్ల బోల్టులు బిగించేసినాడు. తెల్లారి బయల్దేరినాం. శిరివెళ్ల దాటినాక ముందు చక్రం పెద్ద గుంతలో దబ్బున పడె. కారు ఒక్క ఊపు ఊగి, ఏమీ కానట్టు ముందుకు పాయ. "చూసినావా!" అని నేను అరిస్తే, నాయన హారను మోత మోగించినాడు.

చర్చి కాడ జనమంతా నిలబడి ఉండారు. దేవసహాయం ముందుకొచ్చి తలుపు తీయబోయినాడు. నాయన కారు ఆపల్లే. నాయన కండ్లల్లో నీళ్లు నిండుండాయి.

"పాపా, ఇంకొక్క చుట్టు పోయొద్దామా?"

"పోనీయ్ నాయనా" అన్నా.